నీకు నువ్వివ్వని కూలి

తెల్లవారుజామున మూడున్నర. ట్రాలీ ఆటో వెనక మరో ముగ్గురు ఆడవాళ్ళతో ఇరుక్కుని కూర్చున్నావు. బండి హైదరాబాద్‌లోని బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లోకి తిరగగానే ముందు వాసన తగులుతుంది. నలిగిన క్యాబేజీ ఆకులు, తడిసిన గోనెసంచులు, డీజిల్ పొగ, వాటి మధ్య ఎక్కడి నుంచో పుదీనా. దిగి చెంగు సర్దుకునే లోపే వెనక నుంచి కేక: "జరుగు, జరుగమ్మా!" బస్తా కింద వంగి పరిగెత్తే హమాలీకి దారి ఇస్తావు. చెప్పుల కింద బురద జారుతుంది.

జాకెట్టులో దోపుకున్న చిన్న పర్సును తడిమి చూసుకుంటావు. అందులో ఆరు వేలున్నాయి. మొన్నటిదాకా అవి నీ చెవులకున్న కమ్మలు. కుదువ పెడితే పది వేలు వచ్చాయి. తూనికల శాఖ ముద్ర ఉన్న ఎలక్ట్రానిక్ కాటాకు రెండున్నర వేలు అయ్యాయి. తోపుడు బండికి అడ్వాన్సు, పైన కప్పడానికి టార్పాలిన్, నాలుగు గోనెపట్టాలు కలిసి ఇంకో పదిహేను వందలు తిన్నాయి. మిగిలిందే ఈ ఆరు వేలు. రంధ్రాలు పూడిపోకుండా చెవులకు వేపపుల్లలు పెట్టుకున్నావు.

నువ్వు పనిచేసిన బట్టల షాపు మూతపడి రెండు నెలలైంది. అక్కడ పది గంటలు నిలబడితే రోజుకు నాలుగు వందలు పడేవి. అలాంటి పనే ఇంకోచోట వెతుక్కోవచ్చు. కానీ మీ వాడకట్టులోనే కూరగాయల బండి పెట్టి ఇద్దరు పిల్లల్ని చదివించుకున్న అక్కను రోజూ చూస్తున్నావు. "నాలుగు పైసలైనా నీయి నీ చేతుల ఉంటయి చెల్లె. ఒకరి ముందట నిలబడే పని లేదు" అందామె. ఆ మాట పట్టుకునే వచ్చావు. ఈ పూట ఆమె నీ పక్కనే ఉంది.

ట్యూబులైట్ల వెలుతురులో లారీలు, డీసీఎంలు వెనక్కి వెనక్కి వచ్చి ఆగుతున్నాయి. మదనపల్లె నుంచి, కోలారు నుంచి టమాటా. ఆగ్రా నుంచి ఆలుగడ్డ. చేవెళ్ళ, వికారాబాద్ వైపు నుంచి ఆకుకూరలు. టమాటా ట్రేలు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. పై వరుసలో కాయలన్నీ ఎర్రగా, ఒకే సైజులో నిగనిగలాడుతున్నాయి.

"ఎంతన్నా ట్రే?"

"ఐదొందల ఇరవై."

పర్సు తీయబోతావు. అక్క నీ మణికట్టు పట్టుకుంటుంది. "ఆగు. కిందికంట చెయ్యి పెట్టి చూడు." కాయల మధ్య నుంచి వేళ్ళు లోపలికి దూరుస్తావు. అడుగున జిగటగా తగులుతుంది. రెండు కాయలు చితికి ఉన్నాయి. వాటి పక్కన ఇంకా రంగు తిరగని చిన్నకాయలు.

"కింద సగం పచ్చికాయనే ఉందన్నా. నాలుగెనభైకియ్యి."

"ఐదొందలు. ఇగ తక్కువ గాదమ్మా. కొత్తగ పెడుతున్నవా?"

నువ్వు నోరు తెరిచే లోపు అక్క అందుకుంటుంది: "మా చెల్లెనే. ఇగ రోజు వస్తది."

ఐదు వందలకు బేరం తెగుతుంది. ఆ ఇరవై రూపాయలు తగ్గించింది ఆమె నీ పక్కన ఉండడమే. ఈ యార్డులో కొత్త ముఖానికి ఒక ధర, రోజూ కనబడే ముఖానికి ఒక ధర. రోజూ వచ్చే మనిషికి చెడ్డ సరుకు అంటగడితే రేపు పొద్దున ఆ ట్రే ముందే నిలబడి అడుగుతుంది. చేతిలో డబ్బు తక్కువున్న మనిషికి ఆ నమ్మకమే రెండో పెట్టుబడి. కమ్మలు కుదువ పెడితే అది రాదు. నెలల తరబడి తెల్లవారకముందే వచ్చి నిలబడితేనే వస్తుంది.

రెండు ట్రేల టమాటాకు వెయ్యి. ఆలుగడ్డ, ఉల్లిగడ్డలకు పన్నెండు వందలు. బెండ, బీర, సోరకాయ, గోకరకాయలకు ఇంకో పన్నెండు వందలు. పాలకూర, మెంతికూర, కొత్తిమీర, పచ్చిమిర్చికి ఆరు వందలు. నాలుగు వేలు కాగానే అక్క ఆపేస్తుంది. గోడ పక్కన వంకాయ చవగ్గా దొరుకుతోందని నీ కన్ను అటే పోతోంది.

"వద్దు. ఆ రెండు వేలు ముట్టుకోకు. రేపు వానపడి ఇయ్యాల్టి సరుకు మురిగితే, ఎల్లుండి నిన్ను మార్కెట్‌కు తెచ్చేది గా రెండు వేలే."

ఏ కూరగాయ ఎంతకాలం నిలుస్తుందో కూడా ఆమే చెబుతుంది. ఆకుకూరల మీద మిగులు ఎక్కువ, కానీ సాయంత్రానికి వాడిపోతాయి. ఉల్లిగడ్డ, ఆలుగడ్డల మీద మిగిలేది తక్కువ, కానీ వారం రోజులు ఆగుతాయి. టమాటా మధ్యలో ఉంటుంది, దాని ధర మాత్రం ఎప్పుడు ఎటు పోతుందో తెలియదు. 2023 జూలైలో హైదరాబాద్‌లో కిలో టమాటా వంద దాటింది. అలాంటి రోజున ఇరవై ఐదు కిలోల ఒక్క ట్రేకే రెండున్నర వేలకు పైగా కావాలి. "అప్పుడు నలుగురం కలిసి ఒక్క ట్రే కొని పంచుకున్నం" అంటుంది అక్క. పెద్ద వ్యాపారికి ధర పెరిగితే లాభం పెరగొచ్చు. చిన్న వ్యాపారికి ధర పెరిగిందంటే అదే డబ్బుకు బండి సగం ఖాళీగా కదులుతుంది.

*

పొద్దున ఆరు. అల్వాల్ వైపు కాలనీ మలుపులో, వేపచెట్టు కింద గోనెపట్టా పరిచి సరుకు ఏరుతున్నావు. ట్రేకు రెండు కిలోల చొప్పున టమాటా పక్కకు పోయింది. పక్కన పడేసిన ప్రతి కాయలో నీ కమ్మల బంగారం కొంచెం ఉంది. అందుకే చితికినదాన్ని కూడా తిప్పి తిప్పి చూస్తున్నావు. ట్రేకు ఇరవై ఐదు కిలోలు కొన్నావు, అమ్మడానికి ఉన్నవి ఇరవై మూడు. కొన్నప్పుడు కిలో ఇరవై రూపాయలు, బండెక్కేసరికి ఇరవై రెండుకు దగ్గర. ఇంకా ఆటోకు నీ వంతు నూట యాభై ఇందులో కలపలేదు.

కేక వెయ్యాలి. నోరు తెరుస్తావు, గొంతు రాదు. బట్టల షాపులో "రండి మేడం, కూర్చోండి" అనడం అలవాటైన గొంతు అది. అక్కడ ఏసీ ఉండేది, అద్దాల తలుపు ఉండేది. ఆ షాపుకు వచ్చిన కస్టమర్ ఎవరైనా ఇక్కడ బాల్కనీ నుంచి చూస్తే? ఆ జంకు పెట్టుబడి లెక్కలో ఎవరూ రాయరు. మూడోసారి మాట బయటికొస్తుంది: "టమాటా, బెండకాయ, ఆకుకూరలూ..." చివర సాగదీయడం రాక సగంలో తెగిపోతుంది. అయినా ఒక గేటు తెరుచుకుంటుంది.

సంచీతో వచ్చిన పెద్దాయన టమాటా చేతిలోకి తీసుకుని నొక్కి చూస్తాడు. "ఎంతమ్మా?"

"ముప్పై సార్."

"రైతుబజార్ల ఇరవై ఆరే రాసిండ్రు కదా."

1999లో మొదలైన రైతుబజార్లలో ధర బోర్డు మీద రాసి ఉంటుంది. ఆయన చెప్పింది తప్పేం కాదు. అక్కడ రైతు తన పంటను నేరుగా తెచ్చి అమ్ముకుంటాడు. నీ ధరలో నీ ఆటో ఉంది, ఏరి పక్కన పడేసిన కాయలున్నాయి, ఆయన గేటు దాకా వచ్చిన బండి ఉంది. ఇదంతా చెప్పాలని ఉంటుంది. చెబితే గిరాకీ పోతుందని తెలుసు. పైగా బోణీ. "ఇరవై ఎనిమిదికి తీస్కోండి సార్, బోణీ బేరం." కాటా మీద సరిగ్గా కిలో తూచి, ఇంకో చిన్నకాయ వేస్తావు. ఆయన ఇచ్చిన నోటును కళ్ళకద్దుకుని కాటాకు తాకించి పర్సులో పెడతావు.

ఎనిమిదికల్లా ఆడవాళ్ళు వస్తారు. ఒక్కొక్కరి సంచీలో కూరలు పడ్డాక ఒకటే మాట: "కొద్దిగ కొత్మీర వెయ్యమ్మా." కొసరు లేకుండా బేరం ముగియదు. రెండు రూపాయల కొత్తిమీర, నాలుగు పచ్చిమిర్చి, ఒక రెమ్మ కరివేపాకు. ఎంత పోతుందిలే అనిపిస్తుంది. అరవై మంది వస్తే నూట ఇరవై రూపాయలు. నీకు రోజంతా మిగిలేదానిలో అది ఎంత భాగమో ఇంకా తెలియదు. ఇవ్వనంటే రేపు ఆ గేటు తెరుచుకోదని మాత్రం తెలుసు. అందుకే నవ్వుతూ వేస్తావు.

సగం మంది ఫోన్ తీసి బండికి కట్టిన అట్టముక్క మీది క్యూఆర్ కోడ్‌కు చూపిస్తున్నారు. డబ్బు నీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. తెల్లవారుజామున మార్కెట్‌లో నోట్లు కావాలంటే రాత్రే ఏటీఎం దగ్గర ఆగాలి. ఇదీ నువ్వు నేర్చుకోవాల్సిన పనే.

*

మధ్యాహ్నం ఒంటిగంట. ఎండ టార్పాలిన్ మీద నుంచి దిగి మెడకు తగులుతోంది. సీసాలో నీళ్ళున్నాయి. నాలుక తడవడానికి ఒక గుక్క తాగి మూత పెడతావు.

దాహం లేక కాదు. ఈ కాలనీలో నువ్వు వెళ్ళగలిగే బాత్రూమ్ లేదు. బండి వదిలి పోవడానికి చూసుకునే మనిషి లేదు. అక్క ముందే చెప్పింది: "పగటిపూట నీళ్ళు తక్కువ తాగు. అలవాటైతది." ఆమెకు అలవాటైంది. అలవాటు చేసుకోవడం కిడ్నీల మీద పడుతుందని, మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు వస్తాయని ఆమెకూ తెలుసు. వీధి వ్యాపారం చేసే ఆడవాళ్ళలో ఈ మాట ఎవరినడిగినా చెబుతారు. కానీ గట్టిగా చెప్పరు. రోజుకు ఇంత అని డబ్బు మిగిల్చుకోవడానికి ఒళ్ళు ఎండబెట్టుకోవడాన్ని పొదుపు అనకూడదు. అది ఆ వీధి, ఆ ఊరు ఆమెకు చేస్తున్న అన్యాయం.

గల్లీ చివర నుంచి ఈల. అరటిపళ్ళ బండాయన చెయ్యి ఊపుతున్నాడు: తీసెయ్యండి, తీసెయ్యండి. బండ్లు ఎత్తుకుపోయేవాళ్ళు వస్తున్నారు. బండి కదిలించాలి. సోరకాయలు దొర్లి ఒకటి కింద పడుతుంది. రెండు గల్లీలు లోపలికి నెట్టి గోడ నీడన ఆగుతావు. గుండె దడదడలాడుతుంది. ఇప్పుడు బండి పోతే? నీ ఆరు వేలలో నాలుగు వేలు పెట్టి కొన్న సరుకులో అమ్ముడుపోనిదంతా దాని మీదే ఉంది.

నీకు తెలియనిది ఒకటుంది. 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది. పట్టణంలో సర్వే జరిపి వ్యాపారులకు గుర్తింపు పత్రం ఇవ్వాలని, ఆ సర్వే పూర్తయి పత్రాలిచ్చేదాకా ఉన్నవాళ్ళను వెళ్ళగొట్టకూడదని అందులో ఉంది. సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా రాసివ్వాలి. కూరగాయల్లాంటి పాడైపోయే సరుకునైతే, వ్యాపారి వచ్చి అడిగిన రోజే తిరిగివ్వాలి. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం నలభై శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలి. ఈల వినగానే పరిగెత్తడం ప్రతి కొత్త బండికీ మొదటి రోజే తెలిసిపోతుంది. ఈ చట్టం గురించి చెప్పేవాళ్ళు మాత్రం దొరకరు.

*

సాయంత్రం నాలుగు. ఒక మోటారు సైకిల్ వచ్చి నీ బండి పక్కన ఆగుతుంది. మెడలో సంచీ, చేతిలో చిన్న కార్డుల కట్ట. "కొత్త బండా చెల్లె? పెట్టుబడి కావాల్నా?" చాలా మర్యాదగా అడుగుతాడు.

ఆయన చెప్పే లెక్క వినడానికి తేలికగా ఉంటుంది. పది వేలు రాసుకుంటారు, చేతికి తొమ్మిది వేలిస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. దీన్నే ఇక్కడ గిరిగిరి అంటారు. కాగితాలు వద్దు, బంగారం వద్దు. వంద రోజులకు వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ తొమ్మిది వేలూ వంద రోజులు నీ దగ్గర ఉండవు. మర్నాటి నుంచే తిరిగి కడుతున్నావు. సగటున నీ చేతిలో ఉండేది నాలుగున్నర వేలే. దాని మీద వంద రోజులకు వెయ్యి అంటే, ఏడాదికి నూటికి ఎనభై రూపాయల వడ్డీ. పొద్దున తొమ్మిది వందలిచ్చి సాయంత్రం వెయ్యి తీసుకునేవాళ్ళు కూడా ఉన్నారు. అక్కడ ఒక్క పగటికే నూటికి పదకొండు రూపాయలు.

ఈ డబ్బుకు గిరాకీ ఎందుకుందో చెప్పకపోతే అన్యాయం. తెల్లవారుజామున సరుకు కొనాల్సిన మనిషికి ఆ పూటే అప్పు కావాలి, ఆయన ఇంటి ముందుకొచ్చి ఇస్తాడు. బ్యాంకు పదింటికి తెరుస్తుంది. 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధిలో వీధి వ్యాపారికి హామీ లేకుండా మొదటి విడత పది వేలిచ్చేవారు. 2025లో దాన్ని పదిహేను వేలకు పెంచారు. గడువులో తీరిస్తే తర్వాతి విడతలు ఇరవై ఐదు వేలు, యాభై వేలు. సకాలంలో కట్టినవాళ్ళకు ఏడు శాతం వడ్డీ రాయితీ ఖాతాలో పడుతుంది. దానికి గుర్తింపు పత్రమో, మునిసిపాలిటీ సిఫార్సు లేఖో కావాలి. ఆ కాగితం కోసం తిరగాలంటే బండి ఆపాలి. బండి ఆపితే ఆ పూట గడవదు. గిరిగిరి బతుకుతున్నది ఈ సందులోనే.

"రేపు చెబుతానన్నా" అంటావు. పర్సులో ముట్టుకోని రెండు వేలున్నాయి కాబట్టే ఆ మాట అనగలిగావు.

*

రాత్రి ఎనిమిది. వీధి దీపం కింద టమాటా ఇరవైకి దిగింది. పొద్దుటి నుంచి ముప్పైకి దగ్గర దగ్గరగా అమ్మిన కిలోలు, సాయంత్రం ఇరవైకి వదిలేసినవి, మిగిలి మెత్తబడ్డవి అన్నీ కలిపితే ట్రే మీద నీకు వచ్చినవి ఐదు వందల డెబ్బై. డెబ్బై రూపాయల మిగులు. కిలోకు పది రూపాయలు మిగులుతాయని పొద్దున అనుకున్నావు, మూడు కూడా నిలవలేదు. పాలకూర మీద గోనె తడిపి కప్పినా కట్టలు తలవాల్చాయి. ఐదు రూపాయలకు రెండు కట్టలంటూ ఇచ్చేస్తావు.

బోయినపల్లి మార్కెట్‌లో ఇలా పనికిరాకుండా పోయిన కూరగాయలతో కరెంటు తీసే ప్లాంటు ఉంది. రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థం నుంచి 500 యూనిట్ల దాకా వస్తుందని 2021 జనవరిలో ప్రధాని రేడియో ప్రసంగంలో చెప్పాక దేశమంతా దాని పేరు విన్నది. మంచి పని. నీ బండి మీద వాడిపోయిన దానికి మాత్రం అలాంటి దారి లేదు. అది నీ వంటింటికే వస్తుంది. ఇప్పటి నుంచి మీ ఇంట్లో కూర అంటే బండి మీద మిగిలిందే. లేత బెండకాయ ఎంచి ఎంచి ఇంకొకరి సంచీలో వేసే మనిషి ఇంట్లో ముదిరినవే ఉడుకుతాయి.

ఇంటికి చేరేసరికి తొమ్మిదిన్నర. మీ ఆయన వాచ్‌మన్ డ్యూటీకి వెళ్ళిపోయాడు. పొద్దున ఆయన వచ్చేసరికి నువ్వుండవు. మూడో తరగతి చదివే పాప నిద్రకు తూగుతోంది. దాన్ని లేపి కూర్చోబెట్టి తల దువ్వి, రెండు జడలు గట్టిగా అల్లి రిబ్బన్లు కడతావు. పొద్దున బడికి పోయే వేళకు జడలు వేయడానికి నువ్వుండవు కాబట్టి రాత్రే వేసి పడుకోబెడుతున్నావు. "నొస్తుందమ్మా" అంటుంది, కళ్ళు మూసుకునే. కొంచెం వదులు చేస్తావు. పొద్దుటికి ఊడిపోతుందేమోనని మళ్ళీ బిగిస్తావు.

*

నెలాఖరు. పాప పాత నోటుబుక్కు వెనక పేజీలో లెక్క రాస్తున్నావు. ఇప్పుడు నీ కేక సగంలో తెగడం లేదు. ట్రే అడుక్కు చెయ్యి పెట్టడం అలవాటైంది. "ఏం చెల్లె, నాలుగు తొంభైకి తీస్కపో" అని టమాటా అమ్మే ఏజెంటే పిలుస్తున్నాడు.

రోజుకు సగటున నాలుగు వేల సరుకు. అమ్మకం నాలుగు వేల ఏడు వందలు. ఆటో నూట యాభై, హమాలీ నలభై, బండి అద్దె యాభై, కవర్లు ముప్పై, చాయ్, టిఫిన్ నలభై. పోగా మిగిలింది మూడు వందల తొంభై. ఆ అంకె కింద గీత గీసి చూస్తావు. బట్టల షాపులో పది గంటలకు నాలుగు వందలు. ఇక్కడ మూడింటికి లేచి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరితే, మధ్యలో కూర్చున్న మూడున్నర గంటలు తీసేసినా, పదిహేను గంటలు. గంటకు ఇరవై ఆరు రూపాయలు.

మొన్న జనగామ దగ్గరి ఊళ్ళో మేనమామ కూతురి పెళ్ళికి నువ్వు పోలేదు. రెండు రోజుల గిరాకీ, బస్సు చార్జీలు, కట్నకానుకలు. పైగా రెండు రోజులు బండి కనబడకపోతే ఆ గేట్లు ఇంకో బండికి తెరుచుకుంటాయి. అమ్మ ఫోన్‌లో "పర్వాలేదులే బిడ్డా" అంది. ఆ పర్వాలేదు నిన్ను ఇప్పటికీ బాధపెడుతూనే ఉంది.

చిన్న వ్యాపారం గురించి మాట్లాడే పెద్దలు దీన్ని త్యాగం అంటారు, కష్టపడితే పైకొస్తారని వేదికల మీద చెబుతారు. కష్టపడ్డవాళ్ళ మీద గౌరవంతోనే నేను ఇంకో మాట చెప్పదలచుకున్నాను. తక్కువ పెట్టుబడితో మొదలుపెట్టిన మనిషి లాభం అని రాసుకునేదానిలో చాలా భాగం, తనకు తాను ఇచ్చుకోని కూలి. నిద్ర, దాహం, పాప జడలు, పెళ్ళిలో అమ్మ పక్కన కూర్చోవాల్సిన రెండు రోజులు ఏ గడిలోనూ పడవు కాబట్టి లెక్క లాభంగా కనబడుతుంది. కనబడని ఖర్చును తగ్గించుకోవడం ఎవరికీ చేతకాదు. అందుకే ముందు దాన్ని కనబడేలా రాయాలి.

నోటుబుక్కులో ఇప్పటిదాకా రెండు గడులున్నాయి: అసలు, మిగులు. మూడోది గియ్యి. నా కూలి అని రాయి. మిగులు ఆ కూలిని దాటిన రోజే నీ వ్యాపారం లాభంలో పడినట్టు. దాటలేదని బండి మూసెయ్యమని కాదు. నీ కేక, నీ చేతి అంచనా, యార్డులో నీ ముఖానికి వచ్చిన ధర ఈ నెలలో సంపాదించినవే. వచ్చే నెల ఎక్కడ కొయ్యాలో ఆ గడి చెబుతుంది. వాడిపోయే సరుకు కొనడం తగ్గించు. కొసరు కోసం విడిగా ఒక కట్ట పెట్టుకుని, అది అయిపోతే అయిపోయిందని చెప్పు. అరటిపళ్ళ బండాయనతో మాట్లాడుకుని మధ్యాహ్నం అరగంట ఒకరి బండి ఒకరు చూసుకోండి, ఆ అరగంటలో బాత్రూమ్ ఉన్న చోటుదాకా పోయి రా, నీళ్ళు కడుపునిండా తాగు. గిరిగిరి కార్డు మాత్రం ఎంత అవసరం వచ్చినా తీసుకోకు. రోజుకు వంద అంటే నీ రోజు మిగులులో నాలుగోవంతు.

మంగళవారం బండి తియ్యకు. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, రెండు ఫోటోలు, బండి ముందు నిలబడి తీయించుకున్న ఒక ఫోటో పట్టుకుని మునిసిపాలిటీ ఆఫీసుకు పో. గుర్తింపు పత్రానికి దరఖాస్తు పెట్టు. అక్కను కూడా తీసుకుపో, ఇన్నేళ్ళుగా ఆమెకూ అది లేదు. లైన్లో ఒక పూట పోతుంది, మూడు వందల తొంభై రూపాయలు రావు. ఆ మొత్తాన్ని నోటుబుక్కులో నష్టం కింద కాదు, పెట్టుబడి కింద రాయి.